గ్రాఫ్టన్ ఊరి అమ్మ

నేను అమెరికా వచ్చిన కొత్తలో, 2004 మే నెలలో, ఆఫీసులో నా పక్క క్యూబు అతను శుక్రవారం మధ్యాహ్నం పని మానేసి పూలకొట్టుకి ఫోన్ చేస్తూ కూర్చున్నాడు. ఏమిటి సంగతి అంటే ఆదివారం మదర్స్ డే అన్నాడు. నేను మాత్రం ఎందుకు ఊరుకోవాలని దేశీ కొట్లో ఐదు డాలర్ల ఫోన్ కార్డు కొని, ఆదివారం పొద్దున్నే నిడదవోలుకి ఫోన్ చేశాను. "అమ్మా, హ్యాపీ మదర్స్ డే!" అన్నాను. అటునించి ఒక్క క్షణం నిశ్శబ్దం. తరవాత అమ్మ, "అదేంట్రా, అక్కడి పండగా? మరి ఏం వండుకున్నావు?" అంది.

ఆ తరవాత చాలా ఏళ్ళపాటు నా అభిప్రాయం ఒకటే. ఇది కార్డులమ్మేవాళ్ళూ పూలమ్మేవాళ్ళూ కలిసి తయారుచేసిన పండగ. పాట్‌లక్కుల్లో ఈ మాట గట్టిగా అనేవాణ్ణి కూడా. అయిదో క్లాసు చదువుతున్న మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు కోసం ఈ పండగ ఎవరు మొదలుపెట్టారని అడిగినప్పుడు, నా మాట నిజమని నిరూపిద్దామనే పుస్తకాలు తిరగేశాను. నేననుకున్నది తప్పని తేలింది. ఈ రోజు వెనక ఉన్నది ఒక చిన్న ఊరి చర్చిలో పాతికేళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన ఒక తల్లి. ఆవిడ పేరు ఆన్ మరియా రీవ్స్ జార్విస్. కూతురు ఆనా జార్విస్ పేరు కొందరైనా విని ఉంటారు. తల్లిని తలుచుకునేవాళ్ళు తక్కువ.

మన తెలుగువాళ్ళలో పిట్స్‌బర్గ్ వెంకన్న గుడికి వెళ్ళనివాళ్ళు అరుదు. ఆ గుడి నించి దక్షిణంగా ఐ-79 పట్టుకుని మోర్గన్‌టౌన్ దాకా వెళ్ళి, అక్కణ్ణించి యు.ఎస్. 119 మీద కొండల్లోకి దిగితే మొత్తం రెండు గంటల ప్రయాణంలో గ్రాఫ్టన్ వస్తుంది. వెస్ట్ వర్జీనియాలో టైగార్ట్ వేలీ నది ఒడ్డున కొండవాలుకి అంటుకుని ఉన్న ఊరు. మా నిడదవోలు లాగే అదీ రైలు జంక్షనే. బాల్టిమోర్ అండ్ ఒహాయో రైలు మార్గం అక్కడ రెండుగా చీలి ఒకటి వీలింగ్ వైపు, ఇంకోటి పార్కర్స్‌బర్గ్ వైపు పోయేది. ఒకప్పటి కళ ఇప్పుడు లేదు. మెయిన్ స్ట్రీట్ మీద ఎర్ర ఇటుకల చర్చి మాత్రం అలాగే ఉంది.

ఆన్ 1832 సెప్టెంబర్ 30న వర్జీనియాలోని కల్పెపర్‌లో పుట్టింది. తండ్రి మెథడిస్ట్ పాస్టర్. ఆయనకి బదిలీ అయితే ఆ కుటుంబం కొండలు దాటి ఫిలిప్పీ అనే ఊరికి వచ్చింది. 1850లో, పద్ధెనిమిదేళ్ళు నిండుతున్న వయసులో, గ్రాన్‌విల్ జార్విస్ అనే వ్యాపారిని పెళ్ళి చేసుకుంది. అతను బాప్టిస్టు పాస్టర్ కొడుకు. 1852లో గ్రాఫ్టన్ పక్కనే ఉన్న వెబ్‌స్టర్ అనే పల్లెకి కాపురానికొచ్చారు. (మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది ఆ సంవత్సరమే. తేదీలు చూసినప్పుడు మనవైపు ఏం జరుగుతోందో అని చూసుకోవడం నాకో అలవాటు.)

ఆవిడ కన్నది పదకొండు మందినని కొందరూ, పదమూడు మందినని కొందరూ రాశారు. బతికి పెద్దయింది నలుగురే. మిగతావాళ్ళని తట్టు, టైఫాయిడ్, డిఫ్తీరియా తీసుకుపోయాయి. ఇది చదివినప్పుడు నాకు మా తాతమ్మ గుర్తొచ్చింది. "ఎంతమంది పిల్లలు?" అంటే "పుట్టినవాళ్ళా, దక్కినవాళ్ళా?" అని ఎదురు అడిగేదట. ఆ రోజుల్లో తల్లులందరి లెక్కా రెండు అంకెల లెక్కే, వర్జీనియా అయినా గోదావరి జిల్లా అయినా. కడుపుకోత ఆ కాలంలో మామూలు సంగతి. దాన్ని దైవ నిర్ణయమని సరిపెట్టుకోవడం కూడా మామూలే. ఆన్ పాస్టరు కూతురు కాబట్టి అలా సరిపెట్టుకోవడం ఆవిడకి ఇంకా సులువు కావాలి. సరిపెట్టుకోలేదు.

1858లో, ఆరోసారి గర్భవతిగా ఉండగా, చర్చికి వచ్చే ఆడవాళ్ళని కూడగట్టి వెబ్‌స్టర్, గ్రాఫ్టన్, ఫెటర్‌మన్, ప్రంటీటౌన్, ఫిలిప్పీ ఊళ్ళలో మదర్స్ డే వర్క్ క్లబ్బులు పెట్టింది. ఆ పేరులోని 'వర్క్' అన్న ముక్కని గమనించండి. ఆవిడ అన్న జేమ్స్ రీవ్స్ డాక్టరు, టైఫాయిడ్ జ్వరాల మీద పనిచేసినవాడు. తరవాతి కాలంలో అమెరికన్ పబ్లిక్ హెల్త్ అసోసియేషన్‌కి అధ్యక్షుడయ్యాడు. ఆయన్నీ, ఇతర డాక్టర్లనీ పిలిపించి ఈ ఆడవాళ్ళకి పాఠాలు చెప్పించింది. తరవాత వాళ్ళు ఇల్లిల్లూ తిరిగారు. నీళ్ళు కాచుకోమన్నారు. పాల సీసాలు, తిండి పదార్థాలు తనిఖీ చేశారు. రోగమున్న ఇంటికి రాకపోకలు ఆపించారు. చందాలు పోగుచేసి మందులు కొన్నారు. క్షయ వచ్చిన తల్లులున్న ఇళ్ళలో వంటకీ పిల్లల సాకుడికీ జీతమిచ్చి మనుషుల్ని పెట్టారు.

1858 అంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. కలరా నీళ్ళ ద్వారా పాకుతుందని లండన్‌లో జాన్ స్నో 1854లో చూపించాడు గాని, డాక్టర్లలోనే చాలామంది ఒప్పుకోలేదు. వేడిచేసి క్రిముల్ని చంపే పాశ్చర్ పద్ధతి 1860ల నాటిది. టైఫాయిడ్ క్రిమిని మైక్రోస్కోపులో ఎబర్త్ చూసింది 1880లో. అంటే రోగానికి కారణం ఎవరికీ కచ్చితంగా తెలియకముందే ఈ కొండ ఊళ్ళ ఆడవాళ్ళు సరైన పని చేస్తున్నారు. మా ఇంజనీర్ల భాషలో చెప్పాలంటే, బగ్ ఎక్కడుందో తెలియకపోయినా ఏ దారిన వస్తోందో చూసి ఆ దారి మూసేశారు. ఇంతచేసినా తన పిల్లలందర్నీ దక్కించుకోలేకపోయింది. ఆ తరవాత కూడా కొందరు పోయారు. క్లబ్బులు మాత్రం ఆపలేదు.

మూడేళ్ళు తిరక్కుండా యుద్ధం వచ్చింది. 1861 మే 22న ఫెటర్‌మన్ వంతెన దగ్గర థార్న్స్‌బరీ బెయిలీ బ్రౌన్ అనే ఉత్తరాది సైనికుడు కాల్పుల్లో చచ్చిపోయాడు. దక్షిణాది సైనికుడి తూటాకి పడ్డ తొలి యూనియన్ సైనికుడు అతనే అంటారు. అతని కోసం ప్రార్థన చెయ్యడానికి మిగతావాళ్ళు వెనకాడితే ఆన్ ఒక్కతే ముందుకొచ్చిందని ఆ ఊళ్ళో చెప్పుకుంటారు. జూన్ 2 రాత్రి వెబ్‌స్టర్ నించే ఒక పటాలం వానలో నడుచుకుంటూ ఫిలిప్పీకి వెళ్ళి తెల్లవారుజామున దాడి చేసింది. అంతర్యుద్ధంలో మొదటి భూతల పోరాటంగా చాలామంది దాన్నే లెక్కిస్తారు. అంటే ఆవిడ పెరిగిన ఊరికీ కాపురమున్న ఊరికీ మధ్యనే యుద్ధం మొదలైందన్నమాట.

ఆ కౌంటీలో ఇంటికో పక్షం. కొన్ని ఇళ్ళలో అన్న ఉత్తరాది వైపు, తమ్ముడు దక్షిణాది వైపు. మెథడిస్టు చర్చి బానిసత్వం దగ్గర తగువొచ్చి 1844లోనే రెండుగా చీలిపోయింది. ఇక్కడి సంఘం కూడా చీలాలన్నప్పుడు ఆన్ ఒప్పుకోలేదు. ఐదు క్లబ్బుల వాళ్ళనీ కూర్చోబెట్టి, మనం ఏ పక్షమూ కాదు, ఎవరు జబ్బుపడినా చూస్తాం అని మాట తీసుకుంది. చుట్టుపక్కల సైనిక శిబిరాల్లో తూటాల కంటే టైఫాయిడ్, తట్టు ఎక్కువమందిని చంపుతున్నాయి. యూనిఫాం నీలమా బూడిదరంగా అని చూడకుండా వీళ్ళు తిండీ బట్టా ఇచ్చి సేవ చేశారు. ఆవిడ ఇంట్లో ఆ రోజుల్లో చంటిపిల్లలున్నారన్నది మర్చిపోకూడదు. ఆనా పుట్టింది ఆ యుద్ధంలోనే, 1864 మే 1న.

యుద్ధం అయిపోయింది గాని పగలు పోలేదు. 1863లో వెస్ట్ వర్జీనియా వేరే రాష్ట్రమైంది. ఓడిన పక్షం తరఫున పోరాడినవాళ్ళు అదే ఊళ్ళకి తిరిగొచ్చి, నిన్నటిదాకా ఎదురుగా నిలబడ్డవాళ్ళ పక్కింట్లోనే బతకాలి. 1868లో ఆన్ ప్రంటీటౌన్ కోర్టు దగ్గర మదర్స్ ఫ్రెండ్‌షిప్ డే అని ఒక సభ పెట్టింది. రెండు పక్షాల సైనికుల్నీ కుటుంబాలతో సహా రమ్మంది. గొడవలవుతాయని బెదిరింపులొచ్చాయి. చాలామంది తుపాకులతోనే వచ్చారట. ఆవిడ ఆ సభలో లేచి మాట్లాడింది. బ్యాండు వాళ్ళచేత దక్షిణాది పాటా ఉత్తరాది పాటా రెండూ వాయించారు. చివరికి పాత స్నేహాల పాట 'ఆల్డ్ లాంగ్ సైన్' అందరూ కలిసి పాడారనీ, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారనీ కథనం. కళ్ళనీళ్ళ సంగతి తరవాత కలిపినదేమో అని నాకు కొంచెం అనుమానం. కాని తుపాకులున్న గుంపుని ఒక చిన్నూరి ఆవిడ ఒకచోట కూర్చోబెట్టిందన్నది మాత్రం తక్కువ సంగతి కాదు.

తరవాత జీవితం బయటికి చూస్తే పెద్దగా ఏమీ లేదు. కుటుంబం గ్రాఫ్టన్‌కి మారింది. 1873లో ఆండ్రూస్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చి తయారైంది. ఆదివారం బడిలో చిన్నపిల్లల విభాగాన్ని ఆవిడ పాతికేళ్ళు నడిపింది. బైబిల్లో తల్లుల గురించి, ఆడవాళ్ళకీ పిల్లలకీ శుభ్రత గురించి, పిల్లలకి ఆటస్థలాల అవసరం గురించి చుట్టుపక్కల ఊళ్ళలో ఉపన్యాసాలిచ్చేది. 1876లో ఒక ఆదివారం బైబిల్ తల్లుల పాఠం అయ్యాక చివరి ప్రార్థనలో ఒక మాట అంది. అన్ని రంగాల్లోనూ తల్లులు లోకానికి చేసే సేవని తలుచుకునేందుకు ఎవరైనా ఎప్పటికైనా ఒక రోజు ఏర్పాటు చేస్తే బాగుండును, వాళ్ళకది న్యాయంగా దక్కాల్సినదే, అని దాని సారాంశం. ఆ క్లాసులో పన్నెండేళ్ళ ఆనా కూర్చుని ఉంది.

ఆనా చదువుకుంది. స్టాంటన్‌లో ఆడపిల్లల కాలేజీకి వెళ్ళొచ్చి గ్రాఫ్టన్‌లోనే ఏడేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పింది. తరవాత ఊరు వదిలింది. కొన్నాళ్ళు టెన్నెసీలో చట్టనూగా, ఆ పైన ఫిలడెల్ఫియా. అక్కడ ఒక బీమా కంపెనీలో ప్రకటనల విభాగంలో సంపాదకురాలి ఉద్యోగం. ఆ కాలానికి ఆడవాళ్ళకి అది చాలా పెద్ద ఉద్యోగం. అన్న క్లాడ్ కూడా ఫిలడెల్ఫియాలోనే. తల్లీ కూతుళ్ళ మధ్య ఉత్తరాలు నడిచాయి. 1902 చివర్లో గ్రాన్‌విల్ పోయాడు. అమ్మ ఒక్కతే ఆ ఊళ్ళో ఎలా ఉంటుందని పిల్లలు ఆవిణ్ణి ఫిలడెల్ఫియాకి తీసుకొచ్చేశారు.

ఇక్కడికి వచ్చేసరికి నేను పుస్తకం మూసి కాసేపు బయటికి వెళ్ళాను. ఈ కథ మనలో ఎంతమందిదో లెక్కపెట్టక్కర్లేదు. 2011లో నాన్న పోయాక నేనూ అదే చేశాను. అమ్మని ఆరు నెలల వీసా మీద తీసుకొచ్చాను. ఇక్కడ ఆవిడకి మంచి గది, టీవీలో తెలుగు చానళ్ళు, వేళకి మందులు, ఆదివారం గుడి. కిటికీ దగ్గర కూర్చుని, "ఈ వీధిలో మనుషులు లేర్రా" అనేది. అయిదో నెలలో, "నన్ను పంపించెయ్యి, అక్కడ నాకు పనులున్నాయి" అంది. ఒంటరి ముసలావిడకి ఏం పనులుంటాయని మనసులో విసుక్కుంటూనే టికెట్టు కొన్నాను.

ఆన్ తిరిగి వెళ్ళలేదు. గుండె జబ్బుతో 1905 మే 9న ఫిలడెల్ఫియాలో పిల్లల మధ్యనే పోయింది. ఆ ఊరి శివార్లలో వెస్ట్ లారెల్ హిల్ శ్మశానంలో సమాధి చేశారు. ఆ రోజు అక్కడికి ఎంతో దూరాన ఉన్న గ్రాఫ్టన్‌లో ఆండ్రూస్ చర్చి గంట 72 సార్లు మోగింది. ఆవిడ బతికిన ఏళ్ళకి ఒక్కొక్కటి చొప్పున.

మా అమ్మ 2014లో పోయింది. నేను వెళ్ళేసరికి మూడో రోజు. పెద్దకర్మ రోజున మా ఇంటికి ఒక పెద్దావిడ వచ్చింది, మిషన్ స్కూల్లో పనిచేసి రిటైరైన టీచరమ్మ. నేనెప్పుడూ చూడలేదు. భోజనం చెయ్యకుండా ఒక పక్కన కూర్చుంది. పలకరిస్తే, "బాబూ, నేను తణుకు ఆస్పత్రిలో తొమ్మిది రోజులు పడుంటే మీ అమ్మగారు రోజూ బస్సెక్కి వచ్చి కూర్చునేవారు. మా అబ్బాయి దుబాయ్‌లో ఉంటాడు, రాలేకపోయాడు" అంది. మా వీధిలో మరో ముగ్గురు అలాంటి మాటలే చెప్పారు. అమ్మకి అక్కడున్న పనులేమిటో నాకు అప్పుడు తెలిసింది.

మిగతా చరిత్ర చాలామందికి తెలిసిందే, వేగంగా చెప్పేస్తాను. తల్లి కోరికని ఆనా నెత్తికెత్తుకుంది. 1908 మే 10న గ్రాఫ్టన్‌లో పొద్దున్న ఆండ్రూస్ చర్చిలో, మధ్యాహ్నం ఫిలడెల్ఫియాలో వానమేకర్ దుకాణం ఆడిటోరియంలో మొదటి మదర్స్ డే జరిగింది. గ్రాఫ్టన్‌కి ఆనా వెళ్ళలేదు. ఒక టెలిగ్రాము, తల్లికి ఇష్టమైన తెల్ల కార్నేషన్ పూలు 500 పంపింది. (అదే ఏడు జులై 5న దగ్గర్లోని ఫెయిర్‌మాంట్‌లో ఒక చర్చిలో తండ్రుల కోసం ప్రార్థన జరిగింది. అంతకు ముందు డిసెంబర్లో మొనాంగా బొగ్గుగని పేలి 360 మందికి పైగా చచ్చిపోయారు. వాళ్ళ పిల్లల కోసం పెట్టిన సభ అది. ఆ పక్కపక్క ఊళ్ళలోనే రెండు పండగలకీ మూలాలున్నాయి.) వెస్ట్ వర్జీనియా గవర్నరు 1910లో ప్రకటన చేశాడు. 1914 మే 9న అధ్యక్షుడు విల్సన్ సంతకంతో మే రెండో ఆదివారం దేశమంతటికీ ఖాయమైంది.

ఆనా పట్టుబట్టిన సంగతి ఒకటుంది. ఇంగ్లీషులో మదర్స్ డే అని రాసేటప్పుడు అపాస్ట్రఫీ 'ఎస్'కి ముందే రావాలి, తరవాత రాకూడదు. అంటే ఇది తల్లులందరి రోజు కాదు, ఎవరి తల్లి రోజు వాళ్ళది. తల్లి పెట్టిన క్లబ్బుల పేరులో అది బహువచనం. ప్రోగ్రాములో ఒక చుక్క ఇటునించి అటు జరిగితే ఏమవుతుందో నాకు తెలుసు. ఇక్కడా అంతే అయిందని నా అభిప్రాయం. తల్లి అడిగింది తల్లులు లోకానికి చేసే పనిని గుర్తించమని. కూతురు ఇచ్చింది ఎవరింట్లో వాళ్ళు తమ అమ్మకి దండం పెట్టుకునే రోజు. పాల సీసాల తనిఖీ, జీతమిచ్చి పెట్టిన వంటమనిషి, తుపాకుల మధ్య సభ, అన్నీ ఆ చుక్క వెనక ఉండిపోయాయి. ఇంట్లోకి వచ్చిన పండగని కార్డుగా, పూలగుత్తిగా అమ్మడం చాలా తేలిక.

అమ్మారు కూడా. కార్నేషన్ ధరలు పెరిగాయి. ఆనాకి మండిపోయింది. కొన్న కార్డు పంపడమంటే తల్లికి నాలుగు ముక్కలు స్వయంగా రాయలేని బద్ధకమేనని తిట్టింది. ఆ వానమేకర్ దుకాణంలోనే హోటల్లో 'మదర్స్ డే సలాడ్' అని చూసి, ఆర్డరిచ్చి, నేల మీద కుమ్మరించి, డబ్బులు కట్టి వెళ్ళిపోయిందంటారు. 1925లో ఫిలడెల్ఫియాలో సైనికుల తల్లుల సంఘం కార్నేషన్లు అమ్మి విరాళాలు పోగుచేస్తుంటే వాళ్ళ సభలో గొడవ చేసి అరెస్టయింది. ఇక్కడ మాత్రం నాకు ఆవిడ మీద సానుభూతి లేదు. ఆ తల్లులు చేస్తున్నది సరిగ్గా వాళ్ళమ్మ చేసినలాంటి పనే. ఆస్తి అంతా ఈ పోరాటానికే పెట్టింది. కంటిచూపు లేని చెల్లెలు లిలియన్‌తో ఫిలడెల్ఫియాలో తలుపులేసుకుని బతికింది. చివరికి మదర్స్ డేని రద్దు చెయ్యమని ఇంటింటికీ తిరిగి సంతకాలు అడిగింది. ఆ తరవాత వెస్ట్ చెస్టర్‌లో ఒక శానిటోరియంలో చేరి 1948 నవంబర్ 24న అక్కడే పోయింది. పెళ్ళి చేసుకోలేదు, పిల్లలు లేరు. ఆ శానిటోరియం బిల్లుల్లో కొంత కట్టింది పూల వ్యాపారులూ కార్డుల వాళ్ళేనట. ఆ ఏడే టైఫాయిడ్‌కి క్లోరాంఫెనికాల్ పనిచేస్తుందని తేలింది. తోబుట్టువుల్ని తీసుకుపోయిన జబ్బుల్లో ఒకదానికి మొదటిసారి సరైన మందు దొరికిందన్నమాట.

గ్రాఫ్టన్ చర్చి ఇప్పుడు ఇంటర్నేషనల్ మదర్స్ డే ష్రైన్. 1992 నించి నేషనల్ హిస్టారిక్ లాండ్‌మార్క్. ఆనా పుట్టిన వెబ్‌స్టర్ ఇల్లు కొద్ది మైళ్ళ దూరంలో మ్యూజియంగా ఉంది. ఫిలడెల్ఫియా, న్యూజెర్సీ వాళ్ళకి వెస్ట్ లారెల్ హిల్ ఇంకా దగ్గర. తల్లీ కూతుళ్ళ సమాధులు అక్కడ పక్కపక్కనే ఉంటాయి. వెంకన్న దర్శనానికి వెళ్ళే ఏ వారాంతమైనా ఒక పూట గ్రాఫ్టన్‌కి కేటాయించుకోవచ్చు.

మేము వెళ్ళినప్పుడు మా అమ్మాయి ఆ చర్చి మెట్ల మీద కూర్చుని ప్రాజెక్టు కాయితాల్లో ఏదో రాసుకుంటూ, "నాన్నా, నానమ్మ కూడా ఏదైనా క్లబ్ పెట్టిందా?" అని అడిగింది. లేదన్నాను. కాస్సేపాగి టీచరమ్మగారి సంగతి చెప్పాను. ఆవిడ నంబరు నా దగ్గర ఇంకా ఉంది. ఆ మర్నాడు ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి, అక్కడ సాయంత్రం ఆరున్నరకి, ఫోన్ కలిపి పాప చేతికిచ్చాను. ఆ తొమ్మిది రోజుల గురించీ ఆవిడ మొదటి రోజు నించి చెప్పడం మొదలుపెట్టింది. మా అమ్మాయికి తెలుగు తడబడిన చోట నేను అందించాను.